గుడికి తగిన కోటు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం తోమి బోర్లించిన ఇత్తడి గంగాళంలా ఉంది. మబ్బు తునక లేదు. కాకులు కూడా ఎగరడం మానేసి నీడ చూసుకుని కూర్చున్నాయి. అలాంటి పొద్దున, జనం ఇంకా పళ్ళు తోముకుంటుండగానే, మంత్రిగారి కార్యాలయం నుంచి పత్రికలకు ఒక ప్రకటన వెలువడింది.

"గౌరవనీయ మంత్రివర్యులు నేడు మిట్ట మీది కతోలిక దేవాలయాన్ని సందర్శించి, దైవసన్నిధికి తగిన దుస్తులలో ప్రార్థనలో పాల్గొంటారు. దుస్తులే సంస్కారానికి తొలిమెట్టు అన్నది మంత్రివర్యుల ప్రగాఢ విశ్వాసం. ప్రజలు కూడా తగిన దుస్తులలో రావలసిందిగా కోరడమైనది. తగని దుస్తులలో వచ్చువారిని గేటు వద్దనే సంస్కరించి పంపబడును."

చివరి వాక్యం బామ్మర్ది రాసింది.

బామ్మర్ది అంటే మంత్రిగారి భార్యకు సొంత తమ్ముడు. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు ఆయనకూ ఒకటి ఉండేది. బావగారు మంత్రి అయిన రోజున అది రాలిపోయింది. ఊరంతా బామ్మర్దిగారనే పిలుస్తుంది. ఆయన కూడా ఫోనెత్తి "నేను, బామ్మర్దిని" అనే చెబుతాడు. పార్టీ కోసం జెండాలు కట్టాడు, కుర్చీలు మోశాడు, నినాదాలు అరిచి గొంతు బొంగురు చేసుకున్నాడు. పదవి మాత్రం ఆయన గుమ్మం ముందు నుంచే వెళ్ళిపోయేది, పక్కింటికి.

ఇన్నాళ్ళకు మునిసిపల్ చైర్మన్ కుర్చీ ఖాళీ అయింది. అది ఎవరిదన్నది మంత్రిగారి నోటి మాట.

"గుడి కార్యక్రమం నీ చేతిలో పెడుతున్నానురా," అన్నారు మంత్రిగారు. "నా బట్టల దగ్గర్నుంచీ నీదే బాధ్యత. సవ్యంగా జరిగితే స్పీచి చివర్లో నీ సంగతి చెప్పేస్తాను. సభలో చెప్పానంటే ఇక అది శాసనమే."

ఆ మాట అన్నప్పుడు గదిలో పార్టీ కార్యదర్శి కూడా ఉన్నాడు. సన్నగా, ఇస్త్రీ మడతలా ఉండే మనిషి. నవ్వు తప్ప ఏమీ బయటపెట్టడు. ఆ కుర్చీ తనకే వస్తుందని ఆయన ఇంట్లో కూడా చెప్పుకున్నాడు. అయినా బామ్మర్ది భుజం తట్టి, "మీకే రావాలండీ, మీరు పడ్డ కష్టం ఎవరు పడ్డారు," అన్నాడు. బామ్మర్దికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అసలు ఈ బట్టల సంగతి పైకెందుకు వచ్చిందంటే, అంతకు ముందు ఎదుటి పార్టీ నాయకుడు పొద్దుటి నడక మధ్యలో అదే గుడికి వెళ్ళాడు. మోకాళ్ళ పైకి నిక్కరు, నెత్తిన టోపీ. ఆ ఫోటో పేపర్లో పడింది. ఆయన మోకాళ్ళు చూసి మిట్ట మీది ఓట్లన్నీ చిన్నబుచ్చుకున్నాయని మన పార్టీ సర్వే తేల్చింది. మంత్రిగారు ఆ ఫోటోను చాలాసేపు చూసి, "వాడు మోకాళ్ళతో పోగొట్టుకున్నది మనం మెడ దాకా కప్పుకుని తెచ్చుకోవాలి," అన్నారు. అంత లోతైన మాట ఆ ఏడాది మరో మంత్రి నోట రాలేదు.

గుడికి ఏం వేసుకుని వెళ్ళాలో కనుక్కోవడానికి కమిటీ వేశారు. కమిటీలో మొదటి ప్రశ్న కార్యదర్శిదే.

"ఫాదరుగారిని అడిగితే సరిపోదూ?"

"అడిగితే మనకు తెలియదని ఆయనకు తెలిసిపోతుంది," అన్నాడు బామ్మర్ది.

కమిటీ తలలూపింది. పాలనలో అనుభవం అంటే అదే.

బామ్మర్ది స్వయంగా పరిశోధనకు దిగాడు. బజారులో ఫోటో స్టూడియో మూసి ఉంది. అద్దం వెనక ఒక పెద్ద ఫోటో పెట్టి ఉంది. మిట్ట మీది గుడి మెట్ల మీద ఒక యువకుడు నిలబడ్డాడు. నల్ల కోటు, దాని లోపల చేతుల్లేని ఇంకో కోటు, మెడకు సీతాకోకచిలుకలా నల్ల టై, చేతులకు తెల్ల తొడుగులు, జేబు మీద గులాబీ. ముఖంలో భక్తి, కొంచెం భయం. గుడికి తగిన మనిషంటే ఇలాగే ఉండాలని బామ్మర్దికి అనిపించింది. సెల్ఫోను అద్దానికి ఆనించి ఫోటో తీసుకున్నాడు. యువకుడి పక్కన తెల్ల గౌనులో ఒకమ్మాయి కూడా ఉంది గానీ, మంత్రిగారికి ఆ వివరం అక్కర్లేదు కాబట్టి ఆమెను పక్కకు తప్పించాడు.

ఇంటికొచ్చి అక్కకు చూపించాడు. ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"ఏమిట్రా ఇది, పెళ్ళికొడుకులా ఉన్నాడు."

"అక్కా, నీకు రాజకీయం తెలీదు."

"నాకు పెళ్ళికొడుకులు తెలుసు." ఆవిడ తడి పంచె దులిపి తీగ మీద వేసింది. "ఒరేయ్, ఈసారైనా ఆ కుర్చీ నీకు రావాలని మొక్కుకుంటున్నాను. ఏ వేషమైనా వేయించు మీ బావకి, నాకేం. నన్ను మాత్రం పక్కన నిలబెట్టకు. ఒకసారి నిలబడ్డాను, చాలు."

టైలరు ఫోటో చూశాడు, తర్వాత తలుపులోంచి ఎండ చూశాడు.

"ఉన్ని గుడ్డా సార్? ఇప్పుడా?"

"దేవుడి ముందు ఎండేమిటయ్యా. భుజాలకు గట్టి కాన్వాసు వెయ్యి. బావగారికి భుజాలు కాస్త జారుడు. కోటు చూడగానే అధికారం కనబడాలి."

టైలరు తక్కువ చెయ్యలేదు. కుట్టు పూర్తయ్యాక కోటును కుర్చీలో పెడితే అది దానంతట అదే నిటారుగా కూర్చుంది. లోపల మనిషి ఉన్నప్పటికంటే హుందాగా ఉందని బామ్మర్ది మెచ్చుకున్నాడు. కార్యకర్తలందరికీ అదే తరహా కోట్లు పెళ్ళి సామాను కొట్టు నుంచి అద్దెకు తెప్పించారు. గేటు దగ్గర కాపలాకు పక్క ఊరి నుంచి వాలంటీర్లను దింపారు. ఊరివాళ్ళయితే మొహమాటపడి లోపలికి వదిలేస్తారని కార్యదర్శి సలహా. ఆయన సలహాలు ఎప్పుడూ మంచివే.

ఆదివారం వాలంటీర్ల చేతిలో ఆ యువకుడి ఫోటో నమూనాగా ఉంది. గుడి గోడ మీద ఏదో పాత బోర్డు కనబడుతుంటే, దాని మీదుగా మంత్రిగారి ఫ్లెక్సీ కట్టించాడు బామ్మర్ది. గుడివాళ్ళు ఎప్పటిలాగే వచ్చారు. మగవాళ్ళు లేతరంగు నూలు చొక్కాలు, ఆడవాళ్ళు ఉతికి మెత్తబడిన చీరలు. పైట భుజం చుట్టూ కప్పుకుని, చెప్పులు దులుపుకుంటూ వచ్చారు. వాలంటీరు ఒక ముసలమ్మను ఆపాడు.

"తగిన దుస్తులు లేవమ్మా."

"నా మోకాళ్ళు కనబడుతున్నాయా నాయనా?"

"మోకాళ్ళు కాదు. కోటు లేదు."

"నా జన్మలో కోటు వేసుకోలేదయ్యా."

"అందుకే ఊరు ఇలా ఉంది."

ముసలమ్మ ఊరు వైపు ఒకసారి చూసి, పక్కకు వెళ్ళి గోడ నీడన కూర్చుంది. ఆమె వెనక ఒక పెద్దాయన వచ్చాడు. పొట్టి చేతుల చొక్కా, అరిగిన చెప్పులు, చేతిలో తాళాలగుత్తి.

"బాబూ, నేను లోపలికి వెళ్ళాలి. గది తియ్యాలి."

"గదీ లేదు గిదీ లేదు. కోటుందా?"

"వేసుకునేది లోపలే ఉంది."

"అందరూ లోపలే ఉందంటారు. అటు పక్కకు."

కాస్త దూరం నుంచి ఇది చూసిన బామ్మర్ది ముచ్చటపడ్డాడు. వాలంటీరు దగ్గరికి వచ్చి, "నీలాంటివాడు నలుగురుంటే చాలు," అని భుజం తట్టాడు. పెద్దాయన వెళ్ళి ముసలమ్మ పక్కన కూర్చున్నాడు.

మంత్రిగారి కారు వచ్చింది. ఆయన దిగారు. ఉన్ని కోటు, లోపలి కోటు, టై, తొడుగులు, గులాబీ. కార్యకర్తలు అదే వేషంలో రెండు వరుసలుగా నిలబడ్డారు. ఇంతమంది పెళ్ళికొడుకులు ఒక్క పెళ్ళికూతురు లేకుండా నిలబడటం ఆ గుడి ఎప్పుడూ చూసి ఉండదు. పత్రికలవాళ్ళను పాటలు పాడేవాళ్ళు నిలబడే పైమేడ ఎక్కించారు. అక్కణ్ణుంచి మంత్రిగారి వెనకభాగం చక్కగా కనబడుతుంది. ముందు వరుసలో ఆయన కోసం పార్టీ తెచ్చిన ఎత్తు వీపు కుర్చీ వేశారు. దాని పక్కన ఒకవైపు బామ్మర్ది, మరోవైపు కార్యదర్శి.

మంత్రిగారు కూర్చుని వెనక్కి తిరిగి చూశారు. కిక్కిరిసిన నల్లకోట్లు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"చూశావురా, ఏం క్రమశిక్షణ. ఈ వర్గం వాళ్ళ గురించి మనం ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నాం."

"వీళ్ళు మనవాళ్ళే బావగారూ."

"మనవాళ్ళే మరి. ఇక నుంచీ మనవాళ్ళే."

బామ్మర్ది ఆ మాటను అలాగే వదిలేశాడు.

ఎండ కిటికీల గాజుల్లోంచి దిగి నేల మీద రంగురంగులుగా పరుచుకుంది. ఫ్యాన్లు తిరగడం లేదు. కోట్ల లోపల నుంచి తడి ఉన్ని వాసన లేచింది. ఎవరో అద్దె కోటు మెడ విప్పబోతే పక్కవాడు మోచేత్తో పొడిచాడు.

"ఫ్యాన్లు వెయ్యవేంరా," అన్నారు మంత్రిగారు, పెదవులు కదపకుండా.

బామ్మర్ది వెనక్కి వెళ్ళి వాకబు చేశాడు. స్విచ్చులు బలిపీఠం వెనక గదిలో ఉన్నాయి. గదికి తాళం. తాళంచెవి ఫాదరుగారి దగ్గర. ఫాదరుగారు రాలేదు. గేటుకు ఫోను చేశాడు.

"ఫాదర్ ఎవరూ రాలేదు సార్," అన్నాడు వాలంటీరు. "తాళాలగుత్తి పట్టుకుని ఒకాయన వచ్చాడు. పొట్టి చేతుల చొక్కా. మీరు కూడా చూశారుగా సార్, భుజం తట్టారు."

అప్పటిదాకా వేడిగా కారుతున్న చెమట బామ్మర్ది వీపు మీద ఒక్కసారిగా చల్లబడింది. ఇప్పుడు వెళ్ళి ఫాదరుగారిని బతిమాలి తీసుకొస్తే, పైన పత్రికలవాళ్ళు చూస్తారు. గుడి ఫాదర్నే గుడి గేటు దగ్గర ఆపారని రాస్తారు. కుర్చీ ఎగిరిపోతుంది. తీసుకురాకపోతే ఫ్యాన్లు తిరగవు, పూజ జరగదు. రెండూ తూచి చూసుకుని ముందుకు వచ్చాడు.

"ఫాదరుగారు ధ్యానంలో ఉన్నారట బావగారూ."

"లోతైన మనిషి," అన్నారు మంత్రిగారు.

అంతలో బయట నుంచి పాట వినబడింది. గోడ నీడన కూర్చున్నవాళ్ళు పాడుతున్నారు. పూజ సామానంతా లోపలే ఉండిపోయింది కాబట్టి, పూజ సాయంత్రానికి పెట్టుకుని, ఇప్పటికి ప్రార్థన చేసుకుందామన్నారు ఫాదరుగారు.

"ఎవర్రా ఆ పాడేది? బాగుంది."

"రేడియో బావగారూ. పక్కింట్లో."

పాట అయింది, మరో పాట మొదలైంది. మంత్రిగారి ముఖం ఉడికించిన దుంపలా అయింది. ఆయన బామ్మర్ది వైపు వంగారు.

"ఒరేయ్, ఊపిరాడటం లేదు. పక్క తలుపు బయట కుళాయి ఉంది, ముఖాన నీళ్ళు కొట్టుకొస్తాను. కోటు ఇక్కడే ఉంచుతాను. కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వకు. ఆ తలుపు గడియ పెట్టు, కోటు లేనివాడు అటునుంచి దూరిపోగలడు."

ఎత్తు వీపు కుర్చీ చాటున ఆయన రెండు కోట్లూ విప్పి, వంగి, పక్క తలుపులోంచి జారుకున్నారు. బామ్మర్ది గడియ పెట్టి వచ్చాడు. పై కోటు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. తెల్ల తొడుగులు కుర్చీ చేతుల మీద ఉన్నాయి, ఎవరో పెట్టుకున్నట్టే. పైమేడ నుంచి చూస్తే కుర్చీకి రెండు పక్కలా రెండు బలమైన భుజాలు కనబడుతున్నాయి.

కార్యదర్శి కోటును చూశాడు. బామ్మర్దిని చూశాడు. నవ్వాడు.

చాలాసేపయింది. తలుపు ఎవరూ కొట్టలేదు. బామ్మర్ది కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగి చూశాడు. కుళాయి పక్కన గోడ మీద మంత్రిగారి చొక్కా ఆరేసి ఉంది. మంత్రిగారు మాత్రం, గడియ పెట్టించింది తనే కాబట్టి, చుట్టూ తిరిగి పెద్ద గేటు దగ్గర తేలారు. బనీను, నల్ల ప్యాంటు, తలంతా తడి. తలకు వేసిన నల్లరంగు చెవుల పక్కగా కారుతోంది. వాలంటీరు పక్క ఊరివాడు. మంత్రిగారిని ఫ్లెక్సీల మీద తప్ప చూడలేదు.

"అటు పక్కకెళ్ళవయ్యా. భుజాలు కూడా కప్పుకోలేదు."

"నేనెవరో తెలుసా?"

"ఎవరైతే ఏంటి? మంత్రిగారి ఆర్డరు."

మంత్రిగారు నోరు తెరిచారు. పైమేడ కిటికీలో కెమెరాలు వేలాడుతున్నాయి. నోరు మూశారు. పొట్టి చేతుల చొక్కా ఆయన లేచి వచ్చి, తన భుజం మీది తువ్వాలు తీసి మంత్రిగారి భుజాల చుట్టూ కప్పాడు.

"మిమ్మల్నీ పంపించేశారా? రండి, నీడలో కూర్చుందాం. ముందు కాసిని నీళ్ళు తాగండి."

మంత్రిగారు ఆయన వెంట వెళ్ళారు.

బామ్మర్ది చెయ్యి కిటికీ ఊచ మీదే ఉండిపోయింది. అరిచి పిలవాలి. పిలిస్తే కెమెరాలు అటు తిరుగుతాయి. గడియ తీయాలి. తీస్తే బనీనులో మంత్రి లోపలికి వస్తాడు. ఆయన ఇంకా తేల్చుకోకముందే వెనక మైకు గరగరమంది.

"మంత్రివర్యులకు ఎండ దెబ్బకు గొంతు పట్టేసింది," అంటున్నాడు కార్యదర్శి. "వారి సందేశాన్ని వారి సమక్షంలోనే, వారి ఆదేశం మేరకు, నేను వినిపిస్తాను."

చప్పట్లు. అద్దె కోట్లలో చప్పట్లు మెత్తగా వినిపిస్తాయి.

కార్యదర్శి ఎదుటి పార్టీవాళ్ళ మోకాళ్ళ గురించి మాట్లాడాడు. మిట్టకు నీళ్ళ గొట్టం హామీ ఇచ్చాడు. ఒక పెద్ద దండ తెప్పించి కోటుకు వేశాడు. కోటు వంగలేదు. దండ బరువుకు చలించని నాయకుణ్ణి చూసి వెనక వరుసలు పులకించాయి. చివరికి ఆయన మైకు పక్కకు పెట్టి, కోటు మెడ దగ్గరికి వంగి, చెవి ఒగ్గి విన్నాడు. తల ఊపాడు. మళ్ళీ విన్నాడు. "అయ్యో, నేనెందుకండీ," అన్నాడు, అందరికీ వినబడేలా. ఇంకాసేపు విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"మంత్రివర్యులు మునిసిపల్ చైర్మన్ పదవికి నన్ను ఎంపిక చేశారు. నేను వద్దని మొర పెట్టుకున్నాను. వారు వినలేదు. మీరే చూశారు."

అందరూ చూశారు. పైమేడలో కెమెరాలు మెరిశాయి. బామ్మర్ది రెండడుగులు ముందుకు వేశాడు.

"ఏమండీ బామ్మర్దిగారూ," అన్నాడు కార్యదర్శి, మైకులోనే. "మీ బావగారు ఇక్కడే ఉన్నారు కదా. కావాలంటే మీరూ ఒకసారి అడగండి."

సభంతా బామ్మర్దిని చూసింది. కుర్చీలో మనిషి లేడని అంటే, మనిషి ఎక్కడున్నాడని అడుగుతారు. బామ్మర్ది కోటును చూశాడు. దండలో అది ఎంత నిండుగా ఉందో.

"అక్కర్లేదండీ," అన్నాడు. తర్వాత తనే ముందుగా చప్పట్లు కొట్టాడు.

సభ ముగిసింది. కార్యకర్తలు వరుసగా వచ్చి కోటుకు నమస్కారాలు పెట్టి వెళ్ళారు. బామ్మర్ది పక్క తలుపు గడియ తీసి బయటికి వచ్చాడు. ఎండ చెంప మీద కొట్టింది.

నెలలో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ కలిసి తినడం ఆ గుడివాళ్ళ అలవాటు. గోడ నీడన కంచాలు పెడుతున్నారు. నేల కాలుతోందని, గోడకు కట్టిన ఫ్లెక్సీ విప్పి పరుచుకున్నారు. దాని చాటున ఉన్న పాత బోర్డు ఇప్పుడు కనబడుతోంది. "భుజాలు, మోకాళ్ళు కప్పుకుని రండి. టోపీ తీయండి. పల్చటి నూలు బట్టలు చాలు. కుళాయి కుడి పక్కన ఉంది." ఫ్లెక్సీ మీది మంత్రిగారి ముఖం మీద ముసలమ్మ కూర్చుంది. ఆమె పక్కన, తువ్వాలు కప్పుకుని, మంత్రిగారు. ఆయనకు ఫాదరుగారు అన్నం వడ్డిస్తున్నారు.

మంత్రిగారు బామ్మర్దిని చూసి పక్కన చోటు చూపించారు. బామ్మర్ది కోటు విప్పి, మడిచి, దాని మీద కూర్చున్నాడు.

"నా స్పీచి అయిందా?" అన్నారు మంత్రిగారు మెల్లగా.

"అయింది బావగారూ."

"ఎలా మాట్లాడాను?"

"బాగా మాట్లాడారు. చప్పట్లు కొట్టారు."

"చివర్లో నీ సంగతి చెప్పానా?"

బామ్మర్ది కంచంలోకి చూశాడు. "కార్యదర్శిగారిని చైర్మన్ చేశారు."

మంత్రిగారి ముద్ద నోటి దగ్గర ఆగింది.

"నేనా?"

"మీరే. ఆయన వద్దన్నా మీరు వినలేదు. పేపరువాళ్ళు ఫోటోలు కూడా తీసుకున్నారు."

మంత్రిగారు ముద్ద నోట్లో పెట్టుకుని నమిలారు.

"సభలో అన్నానంటే ఇక అయిపోయిందిరా," అన్నారు. "ఇప్పుడు మాట తప్పితే జనంలో నా మీద నమ్మకం ఏం ఉంటుంది?"

బామ్మర్ది ఇంటికి వెళ్ళాక అక్కకు ఏం చెప్పాలో అన్నంలో వెతుక్కుంటున్నట్టు వేళ్ళతో కలుపుతున్నాడు.

అటువైపు గుడి మెట్లు దిగి కార్యదర్శి వచ్చాడు. దండతో సహా కోటును రెండు చేతుల మీదా మోసుకొచ్చి, కారు వెనక సీట్లో నిటారుగా కూర్చోబెట్టి, తలుపు మూసి నమస్కారం పెట్టాడు. తలుపు చప్పుడు వినగానే బయలుదేరడం డ్రైవరుకు అలవాటు. కారు మీద లైటు తిరిగింది, సైరన్ మోగింది. ముందొక బండి, వెనకొక బండి. గేటు దగ్గర వాలంటీరు కాళ్ళు దగ్గరగా పెట్టి సెల్యూట్ కొట్టాడు. పరివారమంతా మిట్ట దిగి ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

ఎర్రటి దుమ్ము లేచి గోడ నీడ వైపు వచ్చింది. తినేవాళ్ళంతా కంచాల మీద చేతులు అడ్డం పెట్టుకున్నారు. ముసలమ్మ పెట్టుకుంది, ఫాదరుగారు పెట్టుకున్నారు, బామ్మర్ది పెట్టుకున్నాడు. మంత్రిగారు కూడా తన కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. దుమ్ము అణిగాక అందరూ చేతులు తీశారు. తిన్నారు.